తక్కువ అంకె, మంచి ఊరు?

ఫలానా యూరప్ నగరం కన్నా మన హైదరాబాదే సేఫ్ అనే పట్టికలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. చాలావాటికి మూలం నంబియో అనే వెబ్‌సైటు. అది పోలీసు రికార్డులు చూడదు. రాత్రిపూట ఒంటరిగా నడవడానికి భయమేస్తుందా లాంటి ప్రశ్నలు సైటుకి వచ్చినవాళ్లని అడిగి, ఆ జవాబులకే ‘క్రైమ్ ఇండెక్స్’ అని పేరు పెడుతుంది.

సరే, అధికారిక లెక్కలే పోలుద్దామా? స్వీడన్‌లో భర్త ఏడాదిలో ఎన్నిసార్లు అత్యాచారం చేశాడని భార్య చెబితే అన్ని నేరాలుగా నమోదు చేస్తారు. భార్యపై అత్యాచారం అక్కడ 1965 నుంచీ నేరమే. 2018 నుంచి బలప్రయోగం జరిగిందని చూపించనక్కర్లేదు, సమ్మతి లేకపోతే చాలు. మన చట్టంలో, కలిసి కాపురం చేస్తున్న భార్యకి పద్దెనిమిదేళ్లు నిండితే అది అత్యాచారమే కాదు. పైగా ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా ఎన్‌సీఆర్‌బీ వాటిలో పెద్దదాన్నొక్కదాన్నే లెక్కేస్తుంది. ఇలాంటి రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి స్టాక్‌హోం కన్నా మనమే నయం అనుకోవడానికి సిగ్గుండాలి.

హత్యల లెక్క కాస్త నయం, శవాన్ని దాచడం కష్టం కాబట్టి. అక్కడా హారంతో చిక్కే. అమెరికాలో హత్యల రేటులో తరచూ పైన కనిపించే సెయింట్ లూయిస్, 1876లోనే చుట్టూ ఉన్న కౌంటీ నుంచి విడిపోయింది. అందుకని శివార్లలోని దాదాపు పది లక్షల మందిని వదిలేసి, నగరంలోని మూడు లక్షల మీదే రేటు కడతారు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. బగ్‌లు ఎక్కువ నమోదైన టీముకి రేటింగ్ తగ్గిస్తామని మేనేజరు అంటే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. బగ్‌లు అలాగే ఉంటాయి, ఎవరూ రాయరు. పోలీస్ స్టేషన్ మాత్రం వేరా? కాగ్నిజబుల్ నేరమని తెలిస్తే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రాయకపోవడం ఎంత మామూలో దాన్నిబట్టే తెలుస్తోంది. తక్కువ అంకె చూసి మనం మురిసిపోతుంటే, “ఎందుకమ్మా కేసూ గీసూ, ఇంటికెళ్లి సర్దుకోండి” అని పంపించేసినవాడికి మార్కులు వేస్తున్నట్టే.

స్టేషన్‌తో పనిలేకుండా జనాన్నే ‘మీకేం జరిగింది?’ అని అడిగే సర్వేలు అమెరికాలో 1973 నుంచి, బ్రిటన్‌లో 1982 నుంచి ఉన్నాయి. అలా ఏటా జరిగే జాతీయ సర్వే మనకి లేదు. వేరే దేశాలతో పోటీ పడాలని అంత ముచ్చటగా ఉంటే ముందు అందులో పడదాం.