ప్రశ్న మారిన జవాబు మారును

ఆరోగ్యవంతుడు, బుద్ధిమంతుడునైన మనుష్యుడు ఎల్లవేళల ఒకే రీతిగా ఆలోచించునని తలచుట సరికాదు. నిన్న వలదన్నవాడే నేడు సరే యనును. ఒక్క రాత్రిలో వాని తెలివి తరుగలేదు. చుట్టునున్న పరిస్థితి మారినది. వర్తకులమైన మాకిది నిత్యానుభవము. ఇంట గింజలున్న రైతు వేరుసెనగకు మంచి ధర వచ్చువరకు వేచియుండును. అప్పు గడువు మీదబడిన రైతు అదే సరకును వచ్చిన ధరకు తెగనమ్మును.

దీనిని ట్వెర్‌స్కీ, కానెమన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1981లో ప్రకటించిన పరిశోధనలో నిరూపించిరి. 600 మందిని చంపగల వ్యాధి వచ్చినదని ఊహింపుమని విద్యార్థులకు చెప్పి, రెండు మార్గములు చూపిరి: ఒకటి నిశ్చితము, రెండవది అదృష్టాధీనము. నిశ్చిత మార్గమున 200 మంది బ్రతుకుదురని చెప్పగా నూటికి 72 మంది దానినే కోరిరి. ఆ మార్గమునే 400 మంది చత్తురని చెప్పగా నూటికి 22 మందియే కోరిరి. లెక్క ఒకటే, చెప్పిన తీరు వేరు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పావగడ సౌరవిద్యుత్ క్షేత్రమునకై మన రాయచెర్లు, తిరుమణి, వల్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల భూమి 28 ఏండ్ల కౌలుకు పోయినది. మొదటి కౌలు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్లకొకమారు నూటికి 5 వంతున పెంపు. వరుస కరవులతో బోర్లెండిన రైతుకు ఏటికి 21,000 అనగా పెన్నిధిగా తోచును. నెలకు 1,750 అనిన కొంత తగ్గును. దినమునకు 58 రూపాయలకు లోపనిన మరల ఆలోచన పుట్టును. సంతకము చేసినవారిని మేము తప్పుపట్టము. కరవులో అది అండయే. కాని చెరువు నిండిన ఏట ఇదే కాగితము వచ్చియుండిన ఎందరు సంతకము చేసియుందురు? ఆ పొలములలో కూలి చేసికొని బ్రతికిన భూమిలేనివారికి ఆ కౌలులో పాలు లేదు గదా!

కావున ఇకముందు భూమి విషయమైనను, అప్పు విషయమైనను, వచ్చునదే కాక పోవునదియు వ్రాసి చూచుకొనవలెను. ఏటి లెక్కతోపాటు దినపు లెక్కయు వేయవలెను. పొరుగువాడు చేసెనని ఆనాడే చేవ్రాలు చేయరాదు. పత్రము కన్నడములోనున్నచో ఇంటి పెద్దలకు, స్త్రీలకు తెలుగులో వినిపించిన పిమ్మటనే నిర్ణయింపవలెను. చదువురాని ఇంటికి ఈ సాయము చేయుట చదువు వచ్చిన మనవారందరి విధి.