మన్యం దారిలో మనమూ నడవాలి

మన హాస్టల్లో విహారయాత్ర అంటే బస్సులో అన్నవరం, లేకపోతే లాంచీలో పాపికొండలు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయడం. దానికి బదులు రంప మన్యంలో కాలినడకన కొన్ని వారాల యాత్ర పెట్టాలని మేము, అంటే పీజీ చదువుతున్న సీనియర్లం, గట్టిగా కోరుతున్నాం.

"నడక బాధ తప్పాలనే కదరా చదివించింది" అని ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. నిజమే. కూలికీ, కట్టెలకీ, బడికీ నడిచిన కుటుంబాలు మనవి. బూట్లు కొనుక్కుని కొండలెక్కడం డబ్బున్నవాళ్ళ ముచ్చటగానే తోస్తుంది. కానీ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. మేము ఎవరెస్టు అడగడం లేదు.

మేమనుకున్న దారి రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట మీదుగా చింతపల్లి. ఊరూరా ఆగుతూ నడిస్తే రెండు మూడు వారాలు పడుతుంది. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో చదివిన పేర్లే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మూడు రోజుల్లో మూడు ఠాణాలు, అదీ అడవి దారిన! పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ ఆ దూరమెంతో మన కాళ్ళకు తెలియదు. ఆయన వెంట నిలిచిన గాం గంటందొర, మల్లుదొరల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఆ మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు కూడా.

ఆ తిరుగుబాటుకు పోడు మీద, అడవి మీద పెట్టిన ఆంక్షలు ఒక కారణం. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం ఇంకో కారణం. ఇవాళ అదే మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్నారని పేపర్లో చదువుతున్నాం. రోడ్డు ఎవరి కోసం వేశారో, ఎవరికి వేయలేదో బస్సు కిటికీలోంచి చూస్తే అర్థం కాదు.

ఇంకో సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. ఇప్పుడు పోలవరం కోసం దేవీపట్నం వైపు గిరిజన గ్రామాలు ఖాళీ చేయించారు. నీళ్ళు మన వైపుకి, ముంపు వాళ్ళ వైపుకి. సెంటు భూమి లేని మన ఇళ్ళకు ఆ నీటితో వచ్చేది కూలిపనే, కాదనం. అయినా ఆ ఊళ్ళవాళ్ళు ఏమంటున్నారో వాళ్ళ నోటనే వినాలి.

వానల్లో వాగులు, మలేరియా, వేసవిలో ఎండ. అందుకని దసరా, సంక్రాంతి సెలవుల్లో రెండు మూడు విడతలుగా నడుద్దాం. రంపచోడవరం ఐటీడీఏ వారికి ముందే తెలియజేసి, గిరిజన సంక్షేమ హాస్టళ్ళలో బస అడగాలి. దారి చూపే ఊరి కుర్రాడికి రోజు కూలి ఇవ్వాలి. గూడెంలో తిన్నదానికి డబ్బు ఇవ్వాలి. ఫొటోల కోసం అక్కడి పిల్లలను వరసలో నిలబెట్టకూడదు. జీలుగు కల్లు జోలికి పోకూడదు (ఇది కొందరు మిత్రులకు ప్రత్యేకం). ఆడపిల్లల హాస్టళ్ళ నుంచి కూడా ఒక జట్టు ఉండాలి, మేడమ్‌లతో మాట్లాడి ఒప్పిద్దాం.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ప్రతి వార్షికోత్సవానికి శాలువలు, మెమెంటోలు తెస్తున్నారు. ఈసారి కాన్వాసు బూట్లు, దోమతెరలు, ఒక మందుల పెట్టె తెండి. వచ్చేవాళ్ళ పేర్లకు వార్డెన్ గారి గది దగ్గర నోటుపుస్తకం పెడుతున్నాం.