గర్భ సంస్కారం బిల్లుపై ఒక ఆడిట్ అభ్యంతరం



ముప్పై ఏళ్లకు పైగా రక్షణ శాఖ లెక్కల విభాగంలో బిల్లులు చూసి, 2019లో రిటైరైనవాణ్ణి. నాకు వైద్యం రాదు. చదివింది బి.కాం. కాబట్టి ఈ వ్యాసంలో వైద్యం తక్కువ, లెక్క ఎక్కువ. ఏ బిల్లు వచ్చినా మేం వేసే ప్రశ్నలు మూడే. సరుకు అందిందా? అందింది మనం అడిగిన సరుకేనా? ధర న్యాయమేనా? ఇవాళ నగరాల్లో గర్భిణులకు అమ్ముతున్న "క్లాసుల"కు ఈ మూడు ప్రశ్నలూ వేసి చూద్దాం.

మా అమ్మాయి ఏడో నెలలో తొలి కాన్పుకని సికింద్రాబాదులో మా ఇంటికి వచ్చింది. అల్లుడిది బెంగుళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు వచ్చి వెళ్లేవాడు. "మామయ్యగారూ, మా ఇద్దరికీ కాన్పు గురించి ఏమీ తెలియదు. నేర్పే క్లాసులేమైనా ఉంటే కనుక్కుంటారా?" అన్నాడు. ముచ్చటేసింది. నా కాలంలో ఏ మగాడూ ఈ మాట అడగలేదు. నేనూ అడగలేదు.

వారం రోజులు తిరిగాను. మూడు రకాలు కనిపించాయి. ఒకటి ప్రైవేటు ఆస్పత్రి. ఎనిమిది క్లాసులు, పదహారు వేలు. అయితే కాన్పు ప్యాకేజీ అక్కడే కట్టాలి. ఆ ప్యాకేజీ కాగితంలో "ముహూర్తం ఎంపిక" అని ఒక గడి కూడా ఉంది! రెండోది గర్భ సంస్కార కేంద్రం. మూడు నెలలు, ఇరవై నాలుగు వేలు. మంత్రాలు, రాగాలు, నెయ్యి డబ్బా, ఫోనులో ఒక యాప్, చివర్లో "దివ్య శిశువు". మూడోది మా బస్తీ ప్రభుత్వ ఆస్పత్రి. అన్నీ ఉచితం. కానీ క్లాసనేది లేదు.

రెండోదానిలో మొదటి రోజు ఉచితం అంటే అమ్మాయిని తీసుకెళ్లాను. అది మూడు ప్రశ్నలు రాసుకుని వచ్చింది. నొప్పులు ఎలా వస్తే బయల్దేరాలి? ఉమ్మనీరు ముందే పోతే ఏం చేయాలి? కాన్పు గదిలోకి తోడు ఎవరినైనా రానిస్తారా? అక్కడి గురువుగారు చిరునవ్వు నవ్వి, "నెగటివ్ ఆలోచనలు పెట్టుకోకమ్మా, లోపల బిడ్డ వింటుంది" అన్నారు. జవాబు అంతే! ఆ తర్వాత గంటసేపు అభిమన్యుడి కథ.

సరే, అభిమన్యుణ్ణే పరిశీలిద్దాం. పద్మవ్యూహం గురించి ధర్మరాజు అడిగినప్పుడు, వ్యాస భారతం ద్రోణపర్వంలో అభిమన్యుడు చెప్పేది తండ్రి తనకు లోపలికి పోవడం నేర్పాడని. సుభద్ర నిద్రపోయిన ముచ్చట మనం హరికథల్లోనూ సినిమాల్లోనూ విన్నది. పోనీ, అదే నిజమనుకుందాం. కడుపులో సగం పాఠం విన్న కుర్రవాడు ఏమయ్యాడు? పదహారేళ్లకే యుద్ధంలో చచ్చిపోయాడు. ఏ ట్యూషన్ సెంటరైనా ఇలాంటి ఫలితాన్ని ప్రకటనలో వేసుకుంటుందా?

తర్వాత "సైన్సు" వచ్చింది. మొజార్ట్ సంగీతం వింటే బిడ్డకు తెలివి పెరుగుతుందట. ఆ మాటకు మూలం 1993లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న పరిశోధన. అది కాలేజీ విద్యార్థుల మీద చేసింది. ఒక రకం పరీక్షలో వాళ్ల మార్కులు కాస్త పెరిగాయి, ఆ పెరుగుదల పది పదిహేను నిమిషాలే నిలిచింది. అందులో గర్భిణి లేదు, గర్భస్థ శిశువూ లేదు. చివరి నెలల్లో బిడ్డకు శబ్దాలు వినిపిస్తాయి, పుట్టాక తల్లి గొంతును గుర్తుపడుతుంది. ఇది నిజం, అందమైన నిజం. కానీ గొంతు గుర్తుపట్టడానికీ శ్లోకం అర్థం చేసుకోవడానికీ మధ్య ఉన్న తేడాను మింగేసి, దానికి ఇరవై నాలుగు వేలు బిల్లు వేస్తున్నారు. సరుకు అందలేదు. మొదటి అభ్యంతరం.

"పోనీండి, మంత్రాలు వింటే నష్టమేమిటి? మనసుకు ప్రశాంతత కదా" అని మిత్రులే అంటారు. పాట వింటే నష్టం లేదు. వినమనండి, అన్నమయ్యనో ఇళయరాజానో, ఉచితంగా. నష్టం వేరే చోట ఉంది. రేపు బిడ్డ బలహీనంగా పుడితే, చదువులో వెనకబడితే, "నువ్వు సరిగ్గా జపం చేయలేదు" అనే నింద తల్లి మీద పడుతుంది. ఆ కరపత్రంలో మొదటి సంస్కారం పేరు పుంసవనం. మగబిడ్డ కోసం చేసే తంతు అది. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడమే నేరమని 1994లో చట్టం చేసుకున్న దేశంలో, ఆ పేరు రంగుల కాగితం మీద అచ్చేసి పంచుతున్నారు.

ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 2017లో ఆయుష్ మంత్రిత్వ శాఖ కింది సంస్థ ఒకటి గర్భిణుల కోసం పుస్తకం వేసింది. మాంసం, గుడ్లు మానండి, కోరికలకు దూరంగా ఉండండి అని అందులో సలహాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత. ఒక చేత్తో అంగన్‌వాడీలో గుడ్డు పెట్టి, ఇంకో చేత్తో గుడ్డు వద్దని పుస్తకం పంచడం ఏ పద్దు కింద రాయాలి?

అదే సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. ఇందుకు కారణాలు చాలా ఉంటాయి, ముహూర్తం వాటిలో ఒకటి. ఆపరేషను అవసరమైతే అది ప్రాణం కాపాడుతుంది. అవసరమా కాదా అని డాక్టరును అడగగలిగే తెలివిడి తల్లిదండ్రులకు ఉండాలి. ఆ తెలివిడి ఇచ్చే క్లాసును, ముహూర్తం గడి పెట్టిన ప్యాకేజీతో కలిపి అమ్మితే ఎవరి ప్రయోజనం కాపాడినట్టు?

ఇంత కోపం ఎందుకని మీరడగవచ్చు. 1987లో నేను పూనాలో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యకు ఎనిమిదో నెల. ముఖం, చేతులు వాచాయి. రెండు రోజులు ఒకటే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. పక్కింటి పెద్దావిడ దిష్టి అంది. నేను, బి.కాం. చదివినవాణ్ణి, నిమ్మకాయలు కొనుక్కొచ్చాను. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. మన పల్లెల్లో గుర్రపువాతం అంటారే, అది. బీపీ పెరిగిపోయి వచ్చింది. ఆవిడ బతికింది. బిడ్డ దక్కలేదు. ముఖం వాపు, తలనొప్పి, చూపు మసక కనిపిస్తే ఆ గంటలోనే ఆస్పత్రికి పోవాలి అనే ఒక్క వాక్యం మాకెవరూ చెప్పలేదు. దాని ఖరీదు ఎంతో ఏ లెక్కలోనూ రాయలేను.

ఆ వాక్యం ఇవాళ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో బొమ్మలతో సహా ఉంది. బస్తీ ఆస్పత్రి నర్సమ్మ మా అమ్మాయికి అయిదు నిమిషాల్లో అన్నీ చెప్పింది. మామూలు తొలి కాన్పయితే, నొప్పులు అయిదు నిమిషాలకోసారి, ఒక్కొక్కటి నిమిషంపాటు, గంటసేపు అలాగే వస్తే బయల్దేరు. ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం చూడకుండా వచ్చెయ్. రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే. తోడు మనిషిని కేంద్రం 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రుల కాన్పు గదుల్లోకి అనుమతించింది, అడుగు. బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టు, తేనె నాకించొద్దు. చెప్పి, వెనక ఉన్న నలభై మంది వరుస వైపు చూసింది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలున్నాయి. మంచి పథకం. కానీ ఆ రద్దీలో పరీక్ష జరుగుతుంది, మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. వివరంగా చెప్పేవాళ్లు లేని ఆ ఖాళీలోకే "దివ్య శిశువు" వ్యాపారి దూరుతున్నాడు.

ఇక్కడ మనల్ని మనం తప్పుపట్టుకోవాలి. హేతువాదులం గర్భ సంస్కారాన్ని వెక్కిరించి ఇంటికి పోతాం. భయంతో ఉన్న ఇరవై ఆరేళ్ల అమ్మాయికి వెక్కిరింపు జవాబు కాదు. శాస్త్రీయ దృక్పథం పెంపొందించడం రాజ్యాంగంలో 51ఎ(హెచ్) కింద మన ప్రాథమిక విధి. విధి అంటే చేయవలసిన పని, ఉపన్యాసం కాదు.

లెక్క వేశాను. నాలుగు ఆదివారాలు, రెండేసి గంటలు. రిటైరైన నర్సుకు రోజుకు 1,500 చొప్పున 6,000. కమ్యూనిటీ హాలుకు 500 చొప్పున 2,000. జిరాక్సులు, టీ 1,000. మొత్తం 9,000. పదిహేను జంటలు వస్తే జంటకు అక్షరాలా ఆరు వందల రూపాయలు. మొదటి వారం తిండి, ఐరన్ మాత్రలు, ప్రమాద సూచనలు. రెండో వారం నొప్పులు, కాన్పు, సిజేరియన్ ఎప్పుడు అవసరం. మూడో వారం పాలివ్వడం. నాలుగో వారం టీకాలు, తల్లి మనసు, తండ్రి పని. మంత్రాలు చదవాలనుకునేవాళ్లు ఇంటికెళ్లి చదువుకోవచ్చు, మనకేం అభ్యంతరం లేదు.

మాకు మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇది నా వాదానికి రుజువని చెప్పను, ఒక్క వోచరుతో ఖాతా తేలదు. కానీ నొప్పులు మొదలైన రాత్రి మా అల్లుడు గోడ గడియారం చూస్తూ కాగితం మీద నిమిషాలు రాసుకుంటూ కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిమ్మకాయల కోసం వెతకలేదు.

హాలు సంగతి నేను చూస్తాను. మన సభ్యుల్లో రిటైరైన నర్సులు, డాక్టర్లు ఉన్నారని నాకు తెలుసు. నెలకు నాలుగు ఆదివారాల్లో ఒక్కటి ఇవ్వగలరా?