పలక మీద కడలి

చెక్క చట్రం ఊడిపోయిన పలకను అంచు వైపు నుంచి చూస్తే పొర మీద పొర కనిపించేది. గోటితో గీరితే సన్నటి రేకు లేచి వచ్చేది. మార్కాపురం రాయి అని మాత్రమే చిన్నప్పుడు తెలుసు. అది వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఓ సముద్రం అడుగు బురద అనీ, దాని మీదే నేను ఓనమాలు దిద్దాననీ తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ సముద్రం మిగిల్చిన నేలను భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్ అంటారు. ఉత్తరాన కృష్ణ ఒడ్డు నుంచి దక్షిణాన తిరుపతి కొండల దాకా నెలవంకలా వంగి ఉంటుంది. విస్తీర్ణం సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి గ్రానైటు నేల సాగి, పలచబడి, కుంగింది. కుంగిన చోటికి నీళ్లు వచ్చాయి. నెర్రెల్లోంచి లావా కూడా ఉబికింది. ఆ నల్లరాయి పులివెందుల చుట్టుపక్కల ఇప్పటికీ ఉంది.

ఈ కథలో ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తనివి తీరని ముచ్చట ఒకటుంది. అక్కడ పేరుకున్న రాతిపొరల మందం కొన్నిచోట్ల పది కిలోమీటర్లు దాటుతుంది. మరి సముద్రం అంత లోతుగా ఉండేదా? లేదు. చెరువు నీళ్లు తీసిన తర్వాత ఇసుకలో మిగిలే అలల ముడతలు ఈ కొండల రాళ్ల మీద అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. అలాంటివి లోతు లేని నీళ్లలోనే ఏర్పడతాయి. వేంపల్లె సున్నపురాళ్లలోనైతే ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా పొరలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. ఎండతో బతికే సూక్ష్మజీవులు జిగురు చాపల్లా పరుచుకుని, సున్నాన్ని పట్టుకుని పెంచుకున్న కట్టడాలవి. వాటికి ఎండ తగలాలంటే నీళ్లు పలచగానే ఉండాలి. అంటే మట్టీ ఇసకా ఎంత పడితే నేల అంత దిగుతూ వచ్చిందన్నమాట. నులక మంచం మీద ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుంటే నులక కిందికి దిగినట్టు, కోట్ల ఏళ్లపాటు దిగింది.

అప్పటికి ఆ నీళ్లలో చేప లేదు. ఒడ్డున గడ్డిపరక కూడా లేదు. కంటికి ఆనే ప్రాణమంటూ ఉంటే ఆ జిగురు పొరలే. ఈ భూమి గాలిలో ప్రాణవాయువును కూడబెట్టింది అలాంటి జీవులే.

తర్వాత తూర్పు వైపు నుంచి నేల నెట్టుకొచ్చింది. నల్లమల ముడతలు పడింది, ఆ ఒత్తిడికి బురదరాయి నలిగి పలకరాయి అయింది. మంగంపేట ముగ్గురాయి కూడా ఆ కాలపు పొరలదే. నేడు చమురు బావుల తవ్వకానికి వెళుతోంది. చాలా కాలం తర్వాత కర్నూలు వైపు మళ్లీ సముద్రం వచ్చింది. ముందుగా బనగానపల్లె గులకరాళ్లు పడ్డాయి, వాటిలో వజ్రాలు దొరికాయి. వాటి పైన సున్నపురాయి పేరుకుంది. మన ఇళ్లలో పరుచుకునే బేతంచర్ల నాపరాళ్లు అవే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్ని నీళ్లు తొలిచింది కూడా ఆ సున్నపురాయిలోనే.

1872లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ రాళ్ల గురించి గ్రంథం రాశారు. పొరల వర్గాలకు పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని మన ఏర్ల పేర్లు, కొండల పేర్లే పెట్టారు. ఈ రోజుకూ ఏ దేశపు శాస్త్రజ్ఞుడు వీటి గురించి రాయాలన్నా వేంపల్లె, గండికోట, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల అని రాయక తప్పదు. ఆ ఊళ్ల బడిపిల్లలకు ఈ సంగతి చెప్పాలన్నది నా కోరిక. దానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. ఒక పంతులుగారు, అర పూట నడక, ఊరి పక్కనున్న గుట్ట చాలు.

కాకపోతే ఆ గుట్ట మిగిలి ఉండాలి. నాపరాళ్ల గనులు, సిమెంటు కర్మాగారాలు వేల కుటుంబాలకు కూడు పెడుతున్నాయి, వాటిని మూయమని నేనడగను. కొన్ని చోట్లను మాత్రం తవ్వకుండా వదిలేయమంటాను. తిరుమల ఘాట్‌రోడ్డు పక్కన గ్రానైటు మీద క్వార్ట్‌జైటు పొరలు కూర్చున్న చోటును జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ఆ రెండు రాళ్ల మధ్యనున్న గీత కోట్ల ఏళ్ల ఖాళీ. వేంపల్లె వలయాలకూ, అలల ముడతలున్న బండలకూ అలాంటి గుర్తింపే ఇవ్వాలి. లీజు కాగితం మీద సంతకం పడకముందే భూగర్భ శాస్త్రం చదివినవారొకరు వెళ్లి చూడాలి. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా పేలుడు మందు పెట్టొద్దని సున్నంతో గీత గీసి రావాలి.