పండితులు పందెమునకు దిగవచ్చునా?

2024వ సంవత్సరము ఆగస్టు నెలలో పారిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలయందు బ్రేకింగ్ అను నృత్యమునకు మొదటిసారిగా చోటు దొరకెను. న్యూయార్కు నగరపు పేదవాడలలో 1970 తరువాత పుట్టిన యీ నృత్యమున, నేలపై చేతులూని, తలపై నిలిచి గిరగిర తిరుగుచు, ఇద్దరిద్దరు ఎదురెదురుగా పోటీపడుదురు. ఆస్ట్రేలియా పక్షమున దిగిన రేచల్ గన్ అను నామె అప్పుడు సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలు. ఈ నృత్యమును గూర్చియే పరిశోధన మొనర్చి 2017లో డాక్టరు పట్టము నందెను. అట్టి విదుషి ముగ్గురితో తలపడి, మూడు పోటీలలోను సున్నతో నోడెను. లోకము పకపక నవ్వెను. ఆ యేడు నవంబరులో, ఇక పోటీలకు దిగనని ఆమె ప్రకటించెను.

“చదువుకొన్నవారికి ఈ గంతులేల?” అని యడుగువారు మన చిట్టమూరునను లేకపోలేదు. మా మనవి యేమనగా, సున్న వేసినవారు తప్పు చేయలేదు. పట్టము కాళ్లకు బలమీయదు; పాండిత్యమును జూచి మార్కు వేసినచో, ఆ దినమున మేలుగా నాడినవారికి అన్యాయమగును. కాని దిగిన యామెయు తప్పు చేయలేదు. 2023లో ఓషియానియా పోటీలయందు గెలిచియే యామె యా యర్హతను సంపాదించెను. గ్రంథమున నెరిగిన దానిని దేహముతోను ఎరుగగోరుట విద్యార్థి లక్షణమే గదా!

ఓటమి తుదిమాటయు కాదు. హైదరాబాదున బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీము గారు భారత ఫుట్‌బాలు జట్టునకు శిక్షకులైరి. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలయందు ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. నాడు సిగ్గుపడి వారు బడిగదికే పరిమితులై యుండినచో, 1956లో మెల్‌బోర్న్ నందు నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలయందు స్వర్ణపతకమును వారి శిక్షణలో మన జట్టునకు దక్కియుండెడివా?

ఒక తప్పు మేమును ఒప్పుకొనవలసియున్నది. తరగతిలో ప్రథమురాలగు నొక బాలిక పరుగుపందెమున కడపటిదై వచ్చినప్పుడు మైదానమెల్ల నవ్వినది. ఉపాధ్యాయులమగు మేమును నవ్వితిమి. ఆ బాలిక మరల మైదానమునకు రాలేదు. ఆ నవ్వు మా పాఠములన్నిటికంటె లోతుగా నాటినది.

తలిదండ్రులారా, మార్కులు తగ్గునను భయముతో పిల్లలను ఆటకు దూరము చేయకుడు. బాలబాలికలారా, ఓడినవారిని జూచి నవ్వకుడు. కడపటివారు గీత దాటువరకు మేము చప్పట్లతో నిలిచియుందుము.