తుక్కు ధరకు మన జాతకాలు

ఆఫీసులో మూలపడ్డ కంప్యూటర్లను తుక్కు కింద అమ్మేసే ముందు మనవాళ్లు చేసే శుద్ధి ఏపాటిది? ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టడం, రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం. మరీ జాగ్రత్తపరుడైతే క్విక్ ఫార్మాట్. ఆపైన చేతులు దులుపుకోవడమే. లోను కోసం మనమిచ్చిన పాన్ కార్డు, ఆధార్ జిరాక్సు, జీతం స్లిప్పులు, నాన్న ఆపరేషన్ రిపోర్టులు ఆ డబ్బాలోనే కూర్చుని వేలంపాటకు పోతాయి.

డిలీట్ కొడితే పోయేది ఫైలు కాదు, అది ఫలానా చోట ఉందన్న నమోదు. అడంగల్‌లో పేరు కొట్టేస్తే పొలం మాయమవుతుందా? హార్డ్‌డిస్కులో ఆ జాగా మీద కొత్త డేటా వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కాలేజీ కుర్రాడు కూడా దాన్ని పైకి లాగేస్తాడు.

ఈ సంగతి నిన్నమొన్న బయటపడింది కాదు. అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు 158 పాత హార్డ్‌డిస్కులు సేకరించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసినవి 129. అందులో సరిగ్గా తుడిచినవి పన్నెండే! మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్లే 5,000కు పైగా దొరికాయి. ఒకటైతే ఏటీఎంలోంచి ఊడదీసిన డిస్కులా ఉంది. ఖాతాలు, నిల్వలు, అన్నీ అందులోనే.

పాత కథంటారా? అమెరికా బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ సంగతి చూడండి. 2016లో డేటా సెంటర్లు మూసేసి, అందులోని పరికరాలను సామాన్లు మోసే కంపెనీ చేతిలో పెట్టింది. డేటా తుడవడంలో ఆ కంపెనీకి ఓనమాలు తెలియవు. కస్టమర్ల వివరాలతో సహా డ్రైవులు ఆన్‌లైన్ వేలంలో తేలాయి. 2020లో 6 కోట్ల డాలర్లు, 2022లో 3.5 కోట్ల డాలర్లు జరిమానా పడింది. ఇంకా మండే విషయం ఒకటుంది. ఆ సంస్థ వదిలించుకున్న మరికొన్ని సర్వర్లలో ఎన్‌క్రిప్షన్ సౌకర్యం ఉంది. ఏళ్ల తరబడి దాన్ని ఆన్ చేసిన నాథుడు లేడు.

మరోవైపు మూఢనమ్మకాలు. ముప్పై అయిదుసార్లు చెరిపి రాయాలట! కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు పీటర్ గట్‌మన్ 1996లో రాసిన ఆ సంఖ్య ఆనాటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి వేసిన లెక్క. నేటి డిస్కులకు అది అనవసరమని ఆయనే తర్వాత మొత్తుకున్నాడు. మామూలు హార్డ్‌డిస్కును మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు. విండోస్‌లో క్విక్ టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేస్తే జరిగేది అదే. ఎస్‌ఎస్‌డీ దగ్గర మాత్రం ఈ పాచిక పారదు. మీరు ఒకచోట రాయమంటే అది తన చిప్పుల అరుగుదలను సరిచూసుకుంటూ ఇంకోచోట రాస్తుంది. పాత కాపీ మీ చేతికందని మూలన మిగిలిపోతుంది. అందుకే ఆపిల్ 2015లో తన కంప్యూటర్లలో ఫైళ్లను తుడిచిపెట్టే సెక్యూర్ ఎంప్టీ ట్రాష్ సౌకర్యాన్ని తీసేసింది. గ్యారంటీ ఇవ్వలేక తీసేసింది, ఆపాటి నిజాయితీ అందరికీ ఉంటే బాగుండు. ఎస్‌ఎస్‌డీకి దారులు రెండు. డ్రైవ్‌లోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఒకటి, కొన్న రోజే ఎన్‌క్రిప్షన్ పెట్టి అమ్మేటప్పుడు తాళం చెవిని చెరిపేయడం రెండోది. ఆ రెండోది అందరికీ దక్కాల్సిన కనీస రక్షణ. మైక్రోసాఫ్టేమో తన ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ పూర్తిగా కావాలంటే విండోస్ హోమ్ వదిలి ప్రో కొనుక్కోమంటుంది. ఇంట్లోవాళ్ల రహస్యాలు రహస్యాలు కావా?

మన చట్టమూ ఉంది. అవసరం తీరాక వ్యక్తిగత డేటాను చెరిపేయాలని 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం చెబుతోంది. భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. నిబంధనలు 2025 నవంబరుకుగానీ రాలేదు. అసలు బాధ్యతలకు మళ్లీ 18 నెలల గడువు! ఆ లోపు ఎన్ని డబ్బాలు తూకానికి పోతాయో.

గడువు తీరేదాకా ఆగనక్కర్లేదు. మీ బ్యాంకును, పిల్లల కాలేజీని, ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగండి: పోయినసారి పారేసిన కంప్యూటర్లలో ఏ డ్రైవును, ఏ సీరియల్ నంబరుదాన్ని, ఏ పద్ధతిలో, ఎవరు తుడిచారు? సరిచూసి సంతకం పెట్టిందెవరు?