ఇంటి మీద గాలిమర: చేయించుకోవాలా, కొనాలా? ముందు గాలి లెక్క చూడండి

కోరుట్ల: గల్ఫ్‌లో పదకొండేళ్లు పనిచేసి ఈమధ్యే ఇంటికి తిరిగొచ్చిన ఒక అన్న ఫోన్‌లో ఒక యాడ్ చూపించారు. ‘ఒక కిలోవాట్ విండ్ టర్బైన్, రాత్రీ పగలూ కరెంటు, బిల్లుకు ఇక సెలవు’ అని ఉంది అందులో. “భాయ్, ఇది కొనాల్నా? సిరిసిల్లలో సాంచెలు రిపేర్ చేసే మా దోస్త్ సగం పైసలకే తయారు చేసిస్తా అంటుండు. ఏది మంచిది?” అని అడిగారు. ఆ పైసల్లో ఆయన గల్ఫ్ సంపాదనతో పాటు ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి దాచినవి కూడా ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

ఆ దోస్త్‌ను కలవడానికి సిరిసిల్ల వెళ్లాను. సాంచెల చప్పుడు మధ్యనే మాట్లాడారు. “తమ్మీ, మోటరు చుట్టుడు, బేరింగు ఎక్కిచ్చుడు మాకు కొత్త కాదు. చెక్క రెక్కలు సమానంగ చెక్కుడే కష్టం. అది కూడ నేర్చుకుంట” అన్నారు. ఆయన మాట నమ్మదగిందే. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు అది. చేతిపనికి అక్కడ కొదువ లేదు. కానీ ఎంత మంచి మెకానిక్ అయినా గాలిని తయారు చేయలేడు కదా.

గాలి లెక్క

నేను చదివింది బీకాం, ఫిజిక్స్ కాదు. అయినా ఈ లెక్క వడ్డీ లెక్క కన్నా సులువు. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. వేగం సగానికి పడితే శక్తి ఎనిమిదో వంతే మిగులుతుంది. పైగా ఎంత గొప్ప యంత్రమైనా గాలిలోని శక్తిలో 59 శాతానికి మించి తీసుకోలేదు. చిన్నవాటికి 30 శాతం వస్తే బాగా పనిచేసినట్టే.

యాడ్‌లోని ‘ఒక కిలోవాట్’ సంగతి ఇప్పుడు చూద్దాం. రెక్కల చక్రం రెండు మీటర్ల వెడల్పు ఉందనుకుంటే, గాలి సెకనుకు 12 మీటర్ల వేగంతో వీచినప్పుడే వెయ్యి వాట్లు వస్తాయి. అది చెట్ల పెద్ద కొమ్మలు ఊగే గాలి. సెకనుకు 6 మీటర్లయితే 125 వాట్లు, 3 మీటర్లయితే 15 వాట్లు వస్తాయి. సగటున 4 మీటర్ల గాలి ఉందనుకున్నా రోజుకు ఒక యూనిట్ కూడా రాదు. మధ్యమధ్యలో గట్టి గాలి వీస్తుంది కాబట్టి రెట్టింపు వేసుకుందాం. అప్పుడు కూడా రెండు యూనిట్లు దాటదు. అదే ఒక కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి.

మన జిల్లాల్లో గాలి ఎలా ఉంది? ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, కర్నూలు వైపు గుట్టల మీద పెద్ద గాలిమరలు చూసే ఉంటారు. ఆ రాష్ట్రంలో 4,000 మెగావాట్లకు పైగా పవన విద్యుత్ ఉంది. తెలంగాణ మొత్తానికి 130 మెగావాట్ల లోపే. గాలి ఉన్న చోటును కంపెనీలు వదిలిపెట్టవు. అయినా ఆ గుట్టల మీది గాలిమరలు దాదాపు వంద మీటర్ల ఎత్తున తిరుగుతాయి. మన డాబా ఎత్తులో పక్కింటి గోడ, ట్యాంకు, వేపచెట్టు గాలిని అడ్డుకుని సుడులు తిప్పుతాయి.

బిల్లు లెక్క

ఆ అన్నను ఇంటి కరెంటు బిల్లు అడిగాను. “జీరో బిల్లు” అన్నారు. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు 2024 మార్చి నుంచి బిల్లు లేదు. అంటే యంత్రం కొన్నదైనా, చేయించుకున్నదైనా, ఆయనకు మిగిలేది సున్నా. కరెంటు పోయినప్పుడు లైటు, ఫ్యాను కావాలంటే ఒక ఇన్వర్టర్ బ్యాటరీ చాలు.

సిరిసిల్లలో సాంచెల ఆసాముల లెక్క వేరు. ఒక సాంచెకు సుమారు ఒక హార్స్‌పవర్ మోటరు, అంటే 746 వాట్లు. నాలుగు సాంచెలు 12 గంటలు ఫుల్ లోడ్ మీద నడిస్తే 36 యూనిట్ల దాకా కావాలి. రెండు యూనిట్లు ఇచ్చే గాలిమర అక్కడ ఏ మూలకు?

జగిత్యాల వైపు మామిడి తోటలో కావలి గుడిసెకు కరెంటు తీగ లేని వాళ్లు ఉంటారు. వాళ్లకు గాలిమర పనికొస్తుందా అంటే, తోటలో చెట్లే గాలిని ఆపేస్తాయి. రెండు బల్బులు, ఫోన్ చార్జింగ్‌కు చిన్న సోలార్ ప్యానెల్ చాలు. ఇక మే నెలలో కాయలు రాల్చే గాలిదుమారం సంగతి రైతులకు చెప్పక్కర్లేదు. ఆ ఒక్క గంట గాలికే నాసిరకం రెక్కలు విరిగి ఎగిరిపడతాయి.

అయినా పెట్టాలనుకుంటే

ఊరికి దూరంగా, నాలుగు వైపులా ఖాళీగా ఉన్న గుట్ట మీద భూమి ఉంటే ఆలోచించవచ్చు. దర్గా మీది చిన్న జెండా రోజులో ఎక్కువ సేపు పూర్తిగా విచ్చుకుని ఎగురుతుంటే గాలి సెకనుకు మూడున్నర నుంచి అయిదు మీటర్ల మధ్య ఉన్నట్టు. అది మొదటి గుర్తు మాత్రమే. గాలి వేగం కొలిచే మీటరు పెట్టి, వానాకాలంలో కొన్ని వారాలు, చలికాలంలో కొన్ని వారాలు రాసుకోండి. వానాకాలపు గాలి చూసి మురిసిపోతే చలికాలంలో చక్రం కదలదు.

కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. రెక్కల చక్రం వెడల్పు ఎంత? చెప్పిన వాట్లు ఏ గాలి వేగానికి? పాడైతే బాగుచేసేవాళ్లు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? జవాబు రాసి ఇవ్వకపోతే పైసలు ఇవ్వకండి.

చేయించుకునే దారి కూడా పిచ్చిది కాదు. స్కాట్లాండ్‌కు చెందిన హ్యూ పిగాట్ చెక్క రెక్కలు, అయస్కాంతాలు, రాగి తీగ చుట్టలతో గాలిమర చేయడం ఏళ్ల తరబడి నేర్పుతున్నారు. గాలి మితిమీరితే తోక మడుచుకుని చక్రం పక్కకు తిరిగే ఏర్పాటు అందులో ఉంటుంది. అది లేనిదే చేయించవద్దు. బాగుచేసే మనిషి ఊళ్లోనే ఉండటం ఇందులో పెద్ద లాభం. కానీ పోలు, బ్యాటరీలు, కంట్రోలర్ ఎలాగూ బజార్లో కొనాల్సిందే. ‘సగం పైసలు’ అన్న మాట అక్కడే తప్పుతుంది. ఏది పెట్టినా డాబా స్లాబ్ మీద, మసీదు మినార్ మీద బిగించవద్దు. ఆ అదురుకు గోడలు పగులుతాయి. ఇంటి లైనుకు సొంతంగా కలపవద్దు. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. సిరిసిల్లలో సెస్, జగిత్యాల, కోరుట్లలో ఎన్పీడీసీఎల్ అనుమతి లేకుండా అది నేరుగా ప్రమాదమే.

మలావీలో విలియం కామ్‌క్వాంబా అనే అబ్బాయి కరువు రోజుల్లో బడి మానేసి, లైబ్రరీ పుస్తకం చూసి, సైకిల్ ముక్కలు, ట్రాక్టర్ ఫ్యానుతో గాలిమర చేసి ఇంట్లో బల్బు వెలిగించాడు. గొప్ప పని. అయితే ఆ ఇంటికి అప్పటిదాకా కరెంటే లేదు. మన ఇంటికి ఉంది.

ఆ అన్నకు చివరకు నేను చెప్పింది ఇదే. బిల్లు నిజంగా వస్తుంటే సోలార్ లెక్క ముందు చూడండి. పీఎం సూర్య ఘర్ కింద ఇళ్లకు ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన 78 వేల సబ్సిడీ ఉంది. ఇందులో గాలిమరకు ఏమీ లేదు. వడ్డీ అప్పుకు పోయి ఏదీ పెట్టవద్దు. సిరిసిల్ల దోస్త్‌కు అంత హుషారు ఉంటే, చిన్న గాలిమర ఒకటి చేసి మన ఐటీఐ పిల్లలకు నేర్పించమనండి. దాని రాగి తీగకు, అయస్కాంతాలకు నలుగురం చందా వేద్దాం. పదకొండేళ్ల కష్టాన్ని మాత్రం గాలికి వదలొద్దు.

“సరే భాయ్, ముందు మీటరు కొంటా” అన్నారాయన. మంచి మొదలు.